మనసు కొలిచే పట్టీ, మన్యం మణికట్టు

అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ఏజెన్సీలో 30 గిరిజన గ్రామాల ఆశా కార్యకర్తలకు ఒక కొత్త పని వచ్చి పడింది. బాలింతల లెక్క, టీకాల లెక్క రాసుకునే చేతుల్లోకి ట్యాబ్‌లు వచ్చాయి. ఇంటింటికీ వెళ్లి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి మనసు సంగతి అడగాలి. దిగులుగా ఉంటోందా? నిద్ర పడుతోందా? ఊరికే కంగారు పుడుతోందా? జవాబు నొక్కుతూ పోతే ట్యాబే మార్కులు కట్టి, ఎవరిని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపాలో చెబుతుంది. డాక్టరు చేతిలోనూ ఒక ట్యాబ్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం తర్వాత ఏం చేయాలో అందులో వరుసగా కనిపిస్తుంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ నడిపిన ఈ ప్రయోగం పేరు స్మార్ట్ మెంటల్ హెల్త్. పల్లబ్ మౌలిక్ బృందం 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 5,007 మందిని ప్రశ్నించారు. వాళ్లలో 238 మందికి కుంగుబాటు, ఆందోళన లక్షణాలు ఉన్నట్టు తేలింది. అలా తేలినవాళ్లలో మానసిక వైద్యం అందుకున్నవారు అంతకుముందు నూటికి ఒక్కరైనా లేరు, 0.8 శాతమే. ప్రయోగం తర్వాత 12.6 శాతమయ్యారు.

పోల్చి చూడటానికి వేరే ఊళ్లు పెట్టుకోని ప్రయోగం కాబట్టి ఈ అంకెల మీద పెద్ద మేడ కట్టకూడదు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 పీహెచ్‌సీల పరిధిలో పోలిక గుంపుతో సహా పెద్ద పరీక్ష జరిగింది. 2024లో వచ్చిన దాని ఫలితాలూ కుంగుబాటు తగ్గుదల వైపే చూపాయి. ఈ అధ్యాయానికి కావలసింది మాత్రం ఆ ఫలితాలకు ముందు జరిగిన పని. అదే సంస్థ గుండె జబ్బుల కోసం ఇలాంటి ట్యాబ్ పద్ధతినే తయారుచేసినప్పుడు, దాన్ని ఊళ్ల మీదికి వదలక ముందు 11 మంది ఆశా కార్యకర్తలు, ముగ్గురు డాక్టర్ల చేత నెల రోజులు వాడించి చూశారు. జబ్బు తగ్గిందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఏ తెర దగ్గర వేలు ఆగిపోతోంది, ఏ ప్రశ్న దగ్గర ఆశా ఎదుటి మనిషి మొహం చూస్తోంది, ఎక్కడ విసుగొచ్చి ఏదో ఒకటి నొక్కేస్తోంది అన్నవే చూస్తారు. వాడుక పరీక్ష అంటే ఇదే. పరికరాన్ని పరీక్షిస్తారు, వాడే మనిషిని కాదు. చెప్పడానికి ఇది తేలికే. అమలులో మాత్రం ప్రతి రెండో పరీక్షలో మనిషికే మార్కులు వేసేస్తారు.

ఇప్పుడు ఆ కొండలకు ఈశాన్యాన అరకు లోయకు వద్దాం. ట్యాబ్ ఆశా చేతిలో కాకుండా, చేతికి కట్టుకునే పట్టీ, దానికి జోడుగా ఫోన్‌లో ఒక యాప్ ఉన్నాయనుకుందాం. పట్టీ గుండె వేగం, చెమట, కదలిక, నిద్ర కొలుస్తుంది. యాప్ రోజుకొకసారి ‘ఎలా ఉన్నావు’ అని అడుగుతుంది. రెండింటినీ కలిపి మూడ్ ఎటు పోతోందో గీత గీస్తుంది. ఇలాంటివి బజారులో కొత్తేమీ కాదు. ఫిట్‌బిట్ 2020లోనే చెమటను బట్టి ఒత్తిడి చెప్పే గడియారం తెచ్చింది. 2023 నుంచి యాపిల్ ఫోన్‌లో మూడ్ నమోదు చేసుకునే స్లైడర్ ఉంది. హైదరాబాదు మాదాపూర్‌లో దీన్ని పరీక్షించాలంటే ఓ గది, రెండు కెమెరాలు, అద్దం వెనక ఇద్దరు ఇంజినీర్లు చాలు. అరకులో పరీక్షించాలంటే ముందు మణికట్టు చూడాలి.

అక్కడి పెద్ద వయసు ఆడవాళ్ల మణికట్టు ఖాళీగా ఉండదు. గాజులు, కడియాలు వరసగా ఉంటాయి, ముంజేతి మీద పచ్చబొట్లు ఉంటాయి. పట్టీ అడుగున మిణుకుమిణుకుమనే పచ్చలైటు చర్మంలోకి వెలుగు పంపుతుంది. నెత్తురు ఆ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా అక్కడి నెత్తురు పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుగులోనూ హెచ్చుతగ్గులు వస్తాయి. పరికరం లెక్కపెట్టేది వాటినే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పచ్చలైటును పీల్చుకుంటుంది. పచ్చబొట్టు సిరా సరేసరి. కొన్ని పచ్చబొట్ల మీద తమ గడియారం గుండె వేగం సరిగా చదవలేకపోవచ్చని యాపిల్ సంస్థే తన సహాయ పేజీల్లో చెప్పుకుంది. చలికాలం పొద్దున చేతులు కొంకర్లు పోతే చర్మం కింది సన్న నాళాలు ముడుచుకుంటాయి, సంకేతం ఇంకా సన్నబడుతుంది. అదే జిల్లాలోని లంబసింగిలో నీళ్ల మీద మంచు పొర కట్టే రోజులుంటాయని తెలిసినవాళ్లకు ఇది ఊహించడం కష్టం కాదు.

చర్మం రంగు విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవాళ్లలోకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయిందని 2020లో అమెరికాలో తేలింది. అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరు రకాల చేతిపట్టీలను పరీక్షిస్తే, గుండె వేగం విషయంలో చర్మం రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా తెచ్చింది కదలిక. కూర్చున్నప్పటికంటే పనిలో ఉన్నప్పుడు తప్పు సగటున 30 శాతం ఎక్కువ. అరకుకు ఈ రెండో సంగతే ముఖ్యం. కాఫీ పళ్లు కోసే నెలల్లో ఇక్కడి మనిషి చెయ్యి పగలంతా కొమ్మల మధ్యే ఆడుతుంటుంది. సాయంత్రం కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వాలు ఎక్కుతుంటే గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. బల్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్ల లెక్కలతో తయారైన పట్టీ దాన్ని చూసి ‘మీరు ఒత్తిడిలో ఉన్నారు, కాసేపు ఊపిరి పీల్చుకోండి’ అంటుంది. ఆ సలహా నవ్వు తెప్పించవచ్చు. అయితే నాలుగు రోజులు అలాగే అంటూ పోతే అయిదో రోజు పట్టీ గూట్లోకి చేరుతుంది. గూట్లో పడున్న పట్టీ నుంచి వచ్చే సమాచారాన్ని ఎక్కడో కూర్చున్న విశ్లేషకుడు ‘కదలిక బాగా తగ్గింది, కుంగుబాటు కావచ్చు’ అని చదువుకుంటాడు.

అందుకే పరీక్ష ప్రణాళికలో పట్టీకి ఒక భాగం, యాప్‌కు ఒక భాగం విడివిడిగా ఉండాలి. పట్టీని గదిలో పెట్టించి చూడటం దండగ. గాజులకు పైన కట్టాలా, కింద కట్టాలా? కుడిచేతికా, ఎడమచేతికా? కత్తి పట్టిన చేతికి అడ్డొస్తుందా? అంట్లు తోమేటప్పుడు తీసి ఎక్కడ పెడతారు, మళ్లీ పెట్టుకుంటారా? కరెంటు పోయిన రెండు రోజుల్లో చార్జింగ్ సంగతేమిటి? ఇవన్నీ వారం రోజులు వాళ్ల దగ్గర ఉంచి, మధ్యలో ఒకసారి వెళ్లి కళ్లతో చూస్తే తప్ప తెలియవు. అడిగితే ‘పెట్టుకున్నామండి’ అనే అంటారు.

యాప్ సంగతి ఇంకో రకం. చదవడం రానివాళ్లకు అక్షరాల బదులు మొహం బొమ్మలు పెడితే సరిపోతుందని చాలామంది డిజైనర్ల నమ్మకం. నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. వీటిని లోకమంతా ఒకేలా చదువుతుందా? నమీబియాలోని హింబా తెగవారి దగ్గరికి మరియా జెండ్రాన్ బృందం మొహాల ఫొటోలు తీసుకెళ్లి, ఒకే రకంవి ఒక కుప్పగా వేయమంది. అమెరికన్లు పెట్టిన కుప్పలు, వీళ్లు పెట్టిన కుప్పలు కలవలేదు. లోపలి బాధకంటే చేస్తున్న పనిని బట్టి, నవ్వుతున్నాడనీ దేన్నో చూస్తున్నాడనీ, వాళ్లు మొహాలను చదివారు. 2014లో వచ్చిన ఈ ఫలితాన్ని అరకుకు అలాగే అంటించలేం. కానీ బొమ్మను నమ్మే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టవలసిన అవసరాన్ని అది చూపిస్తుంది. యాప్ ఏదీ తెరవకుండా, అట్టముక్కల మీద గీసిన మొహాలు పరిచి, ‘ఈమెకు ఏమైంది’ అని అడగాలి. అరగంట పని. దీనికి ప్రోగ్రామరుతో పనే లేదు.

ప్రశ్నల్లోనూ ఇదే తంటా. ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి 2001 నాటిది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27 మార్కులు. 10 వచ్చినా, దాటినా డాక్టరు చూడాలి. ఏకాగ్రత గురించి అడిగే ఏడో ప్రశ్న పేపరు చదవడం, టీవీ చూడటం ఉదాహరణలుగా ఇస్తుంది. పేపరు రాని ఊళ్లో, టీవీ లేని ఇంట్లో ఆ ప్రశ్నకు వచ్చే ‘లేదు’ను ఏ లెక్కలో వేయాలి? ఇంకో చిక్కు జవాబుల్లోనే ఉంది: ‘కొన్ని రోజులు’, ‘సగానికి పైగా రోజులు’, ‘దాదాపు రోజూ’. గడిచిన పద్నాలుగు రోజులు మనసులో పరిచి, సగం గీత గీసి, అటో ఇటో చెప్పాలన్నమాట. చదువుకున్నవాళ్లకే తడబాటు. మన్యంలో వారాన్ని సంతతో గుర్తుపెట్టుకునేవాళ్లు ఎక్కువ. ‘రెండు సంతల కిందటి నుంచి ఈ సంత దాకా’ అని అడిగి చూడటం, మామూలు పద్ధతిలో అడిగి చూడటం, రెంటిలో దేనికి జవాబు నిలకడగా వస్తోందో చూడటం వాడుక పరీక్షలో పెట్టదగ్గ అసలైన పని. బటన్ ఎంత పెద్దదిగా ఉండాలన్న చర్చ దీని తర్వాతే.

భాష మాటేమిటంటే, అరకు చుట్టుపక్కల ఇళ్లలో కువి, కొండ, పోర్జా, గదబ, ఆదివాసీ ఒరియా వినిపిస్తాయి. సంతలో తెలుగు నడుస్తుంది, ఇంటి గుట్టు చెప్పుకోవాలంటే ఇంటి భాషే. 2004లో మొదలైన బహుభాషా విద్య కార్యక్రమం కోసం కువి, కొండ, ఆదివాసీ ఒరియా లాంటి భాషల్లో తెలుగు లిపిలోనే వాచకాలు తయారయ్యాయి కాబట్టి రాతకు దారి ఉంది. ఇక్కడ రాతకంటే గొంతు మేలు. ప్రశ్నలను ఆ ఊరి భాషలో, ఆ వయసు ఆడమనిషి గొంతుతో రికార్డు చేసి వినిపించాలి. అయితే ఫోన్ గట్టిగా ‘ఏడవాలనిపిస్తోందా’ అని అడిగితే అత్తగారూ వింటుంది. గొంతు పెట్టినప్పుడల్లా గుట్టు పోతుంది. ఇయర్‌ఫోన్ ఇస్తే ఇంకో వస్తువు, ఇంకో చార్జింగ్. ఇలాంటి చోట్ల సరైన జవాబు పుస్తకాల్లో ఉండదు. రెండూ పెట్టి చూడాలి.

ఎంతమందితో చూడాలి? వాడుక పరీక్షల (యూజబిలిటీ) రంగంలో అందరి నోటా నానే అంకె అయిదు. జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క నుంచి పుట్టిందది. ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలను బయటపెడతాడనుకుంటే, అయిదుగురు కలిసి 85 శాతం దాకా పడతారు. ఆరోవాడి మీద పెట్టే ఖర్చును లోపాలు సరిచేసి మళ్లీ పరీక్షించడానికి దాచుకోమని నీల్సన్ సలహా. బాగానే ఉంది. కానీ 2003లో లారా ఫాక్‌నర్ 60 మందిని పరీక్షించి, వాళ్లలోంచి యాదృచ్ఛికంగా అయిదుగురేసి జట్లను తీసి చూస్తే, సగటు 85 శాతమే వచ్చినా ఒక జట్టు 55 శాతం దగ్గరే ఆగిపోయింది. వైద్య పరికరాల తుది పరీక్షకు అమెరికా ఎఫ్‌డీఏ ఒక్కో రకం వాడుకరుల నుంచి కనీసం 15 మందిని ఉంచమంటుంది. ఇక్కడ ‘ఒక్కో రకం’ అన్నదే అసలు మెలిక. అక్షరం రాని కాఫీ కూలీ, అరకు కాలేజీలో డిగ్రీ చదివే కుర్రాడు, ఆశా కార్యకర్త, పీహెచ్‌సీ డాక్టరు ఒక రకం కారు. ఆ కుర్రాడితోనూ అతని నలుగురు స్నేహితులతోనూ పరీక్ష ముగించి ‘గిరిజన యువత ఆదరించింది’ అని నివేదిక రాసేయడం అతి సులువు. వాళ్లే ముందు దొరుకుతారు మరి.

అంతకంటే పెద్ద గొయ్యి మర్యాద. కొత్తమనిషి అంత దూరం నుంచి వచ్చి, ఏదో వస్తువు చేతిలో పెట్టి ‘ఎలా ఉంది’ అంటే ‘బాగుంది బాబూ’ అనకుండా ఎవరుంటారు? ఈ బాగుందిని కొలిచినవాళ్లున్నారు. నికోలా డెల్, ఆమె సహచరులు బెంగళూరులో ఒకే వీడియోను రెండుసార్లు చూపి, ఒకటి మేం తయారుచేసిందే అన్నారు. తయారుచేసినవారు ఎదురుగా ఉన్నప్పుడు దాన్నే మెచ్చుకునే అవకాశం రెండున్నర రెట్లు పెరిగింది. అడిగేవారు విదేశీయులై, మధ్యలో దుబాసీ ఉంటే అయిదు రెట్లయింది. 2012లో వచ్చిన ఆ పరిశోధన పత్రం చదివాక ఏ నివేదికలోనైనా ‘90 శాతం సంతృప్తి’ అన్న మాట కనిపిస్తే కాస్త ఆగి చూడాలనిపిస్తుంది. అరకులో దుబాసీ లేకుండా కుదరదు కాబట్టి, బాగుందా అని అడగడమే మానేయాలి. చేయమని చెప్పి చూడాలి.

చేయమనడంలోనూ ఒడుపు కావాలి. ‘తోచింది పైకి చెబుతూ పని చేయండి’ అనేది అమెరికా ల్యాబుల్లో పాతబడిన పద్ధతి. పరాయివాళ్ల ముందు తనలో తాను మాట్లాడుకోవడం మన ఊళ్లలో ఎవరూ చేయరు. జపాన్‌కు చెందిన నవోమి మియాకే 1980ల్లో కుట్టుమిషను ఎలా పనిచేస్తుందో తేల్చుకోమని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టింది. ఇద్దరుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ముంబయిలో అపలా లాహిరి చవాన్ ఇంకో దారి పట్టింది: పనిని సినిమా కథగా చెప్పడం. నీ మేనకోడలు పెళ్లాడబోతున్నవాడు కిరాయి హంతకుడు, వాడికి ముందే పెళ్లయింది, వెంటనే విమానం టికెట్ కొని ఆపాలి, ఇదిగో వెబ్‌సైటు అంటే మనుషులు మొహమాటం వదిలి సైటును తిట్టడం మొదలుపెట్టారట. మన మన్యానికి కిరాయి హంతకుడు అక్కర్లేదు. ‘మీ తోడికోడలు పది రోజులుగా సరిగా తినడం లేదు, పనికి రావడం లేదు. ఆమె తరఫున ఇందులో ఎలా చెబుతావు?’ అంటే చాలు. తన దిగులు బయటపెట్టక్కర్లేదు, తప్పు చేస్తే తనది కాదు. పట్టీ కట్టుకోవడం లాంటి పనులకు ఇద్దరిద్దరు, మూడ్ నమోదుకు మాత్రం ఒక్కొక్కరు. పనుల జాబితాలో రెండు తప్పకుండా ఉండాలి: ‘పొరపాటున నొక్కినదాన్ని తీసేయి’, ‘ఇది నీ భర్త చూడకుండా చేయి’. ఒక ఇంటికి ఒకే ఫోన్, అదీ మగవాళ్ల జేబులో ఉండే చోట రెండో పని కుదరకపోతే మిగతా యాప్ ఎంత అందంగా ఉన్నా ఆడవాళ్లకు లేనట్టే.

ఆశా కార్యకర్త పక్కన ఉండాలా వద్దా అన్నది తేలని పేచీ. ఆమె లేకపోతే తలుపు తెరుచుకోదు. ఆమె ఉంటే జవాబు ఆమెకు నచ్చేలా వస్తుంది. మొదటి రోజు పరిచయానికి ఆమె, రెండో రోజు పరీక్షకు పక్క మండలం నుంచి అదే భాష మాట్లాడే ఇంకొకామె అన్నది ఒక మధ్యేమార్గం.

సిగ్నల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లావే. అయినా కొండ మలుపు తిరిగితే గీతలు మాయమయ్యే చోట్లున్నాయి. పరీక్షలో సగం భాగం ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టే చేయాలి. లొకేషన్ అనుమతి సంగతి అంత తేలిక కాదు. 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపింది ఇక్కడి డుంబ్రిగుడ మండలంలోనే. ఒకవైపు పోలీసులు, ఒకవైపు దళాలు తిరిగిన కొండల్లో మనిషి ఎక్కడెక్కడికి వెళ్లాడో రాసిపెట్టే పట్టీని ఎవరు కట్టుకుంటారు? మూడ్‌కు లొకేషన్‌తో ఏం పని అని డిజైనరును అడిగి, గట్టి జవాబు రాకపోతే పరీక్షకు ముందే దాన్ని తీసేయించాలి.

ఒప్పుదల విషయంలో ఏజెన్సీకి చేదు జ్ఞాపకం ఉంది. 2009-10లో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రదర్శన ప్రాజెక్టు కింద వేలమంది బాలికలకు సూదులు వేశారు. వారిలో ఎందరో గిరిజన హాస్టళ్ల పిల్లలు. చాలా పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. యాప్ పరీక్షలో సూది లేదు నిజమే. కానీ మనసు సంగతి సూదికంటే లోపలికి పోతుంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఊరి పెద్ద సరేనన్నా ప్రతి మనిషి సమ్మతీ విడిగా తీసుకోవాలి. మధ్యలో మానుకునే హక్కుందని చెప్పడం ఒక్కటే చాలదు, పట్టీ తిరిగిచ్చేసినా ఆ రోజు కూలి డబ్బులు పూర్తిగా ఇవ్వాలి.

ఇక ప్రణాళికలో చివరి పేజీగా కాక మొదటి పేజీగా రాసుకోవలసింది తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండుననిపించిందా అని అడిగే ప్రశ్న అది. తెర మీద బటన్ ఎక్కడుందో చూడటానికి వచ్చిన కుర్ర పరిశోధకుడి ముందు ఒకామె దానికి ‘అవును’ అని నొక్కుతుంది. ఇది నమూనా యాప్, ఆ జవాబు ఏ డాక్టరుకూ వెళ్లదు. అప్పుడు అతను ఏం చేయాలి? పరీక్ష అక్కడితో ఆపాలి. గడియారం, కెమెరా కట్టేయాలి. ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఎవరిని పిలవాలో, ఏ పీహెచ్‌సీ డాక్టరుకు ముందుగా చెప్పి ఉంచారో, బండి ఎవరిదో పేర్లతో సహా రాసి ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ ఉచిత నంబరు 14416కు తెలుగులో మాట్లాడవచ్చు. కానీ కువి తప్ప రానామె పక్కన మాట కలిపేవాళ్లు కావాలి, ఆ ఇంటి దగ్గర సిగ్నల్ ఉందో లేదో ముందురోజే నడిచి చూసుకోవాలి. ఈ పనులకు మనుషులు కుదరకపోతే తొమ్మిదో ప్రశ్నను ఆ విడత పరీక్ష నుంచి తీసేసి, మిగతా ఎనిమిదితోనే చేయడం మేలు. ఆ ఎనిమిది ప్రశ్నల రూపం కూడా పరిశోధనల్లో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే.